రేషన్ బియ్యం 12 దినాలకే అయిపోతాండాయి, మిగతా నెల మీరెట్ల నెట్టుకొస్తారు?

సెంట్రింగ్ మేస్త్రి ఇంటామె, అనంతపురం

అందరికీ నమస్తే. ఈడ ఎప్పుడూ చదవడమే గానీ రాసింది లేదు, తప్పులుంటే ఏమనుకోవద్దండి. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె, నాలుగేండ్ల కిందట అనంతపురం వచ్చినాం. మా ఇంటాయన సెంట్రింగ్ పని. మొన్న పలక మీదనుంచి జారి మణికట్టు విరిగింది, కట్టు ఇప్పినారు గానీ ఇంకా బరువు ఎత్తలేడు. నేను మూడిండ్లలో పని చేస్తా, 6000 వస్తాది. మా అత్తకు పింఛను 4000. అంతే. బాడుగ 3000, వారం కంతులు కలిపి నెలకు 2600, కరెంటు 400, అత్త మాత్రలకు 900. అవి పోను మిగిలేది 3100, దాంట్లోనే ఐదుగురం తినల్ల, గ్యాసు, సబ్బు, పిల్లోనికి జరమొస్తే డాక్టరు అన్నీ అందులోనే.

కార్డులో మా ఆయన, నేను, అత్త ముగ్గురం ఉండాం. పిల్లోళ్ళ పేర్లు ఎక్కలేదు. మనిషికి 5 కిలోలు లెక్కన 15 కిలోలు వస్తాయి. సద్దికి, మద్యాన్నానికి, రాత్రికి కలిపి దినానికి కిలోంబావు పడతాది, అంటే సరిగ్గా 12 దినాలు. మిగతా 18 దినాలకు అంగట్లో ఎంత నాసిరకం తెచ్చినా కిలో 50, లెక్కేస్తే 1100 పైనే. రేషన్ బియ్యం కూడా మా పల్లె నుంచే తెచ్చుకుంటా, ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయినాక చార్జీ తప్పింది గానీ ఒక దినం పని పోతాది, ఆ ఇండ్లోళ్ళు మొహం మాడ్చుకుంటారు. ఇంకొకటి, ఈ మధ్య రేషన్ బియ్యంలో తెల్లగా ప్లాస్టిక్ మాదిరి గింజలు వస్తాండాయి, నీళ్ళలో తేలతాయి, అవన్నీ ఏరి పారేస్తాండా, అదొక దండగ.

మూడో వారం వచ్చేటప్పటికి పప్పు బంద్. నాలుగో వారం ఉత్త చట్నీ, పుల్లనీళ్ళ చారు. నేను రాత్రిపూట టీ తాగి పడుకుంటా, అది అలవాటయిపోయింది. ఐదు రూపాయల వడ్డీకి పోకుండా, ఎవురి దగ్గరా చెయ్యి చాపకుండా మీరేం చేస్తాండారో చెప్పండి. ఏం వండుతారు, ఎట్ల సరిపెడతారు. ఖర్చు తగ్గించుకోండి అని మాత్రం చెప్పొద్దు, తగ్గించడానికి ఇంకేం లేదు.

ఆదోని పిల్ల

అక్కా, మీ లెక్క చూస్తే మా అమ్మ గుర్తొచ్చింది. మాది కోసిగి పక్కన. ఏటా సుగ్గికి పోతాం, అంటే గుంటూరు దిక్కు పత్తి తీయడానికి, తర్వాత మిరక్కాయ కోతకు. తెలీని వాళ్ళు ఏదో పండగకు పోయినట్టు అనుకుంటారు ఆ మాట వింటే, కానీ ఊరు ఊరంతా తాళాలేసి చిన్నపిల్లోళ్ళతో సహా లారీ ఎక్కి పోవడం అది, ఊర్లో ముసలోళ్ళు కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. ఉపాధి పని లేదా అంటారు, ఉంది, కూలి 307 అని 2025-26 కు రాసినారు, కొలతలు తక్కువొస్తే అంత పడదు, పడింది కూడా ఎప్పుడు వస్తాదో తెలీదు, కడుపు ఆ డేటు దాకా ఆగదు కదా.

మేము చేసేది ఏమంటే సుగ్గి డబ్బుల్లో ఫస్టు గింజలు కొనేస్తాం. ఫోను, బట్టలు, పెండ్లి కట్నాలు అన్నీ తర్వాత. జొన్నలు ఒక మూట, ఉలవలు నాలుగైదు కిలోలు, ఏడాదికి సరిపడా మిరక్కాయలు. అవి ఇంట్లో ఉంటే ధైర్యం. ఇంట్లో జొన్నపిండి, కారం, ఎర్రగడ్డ ఉంటే ఆ పూట గడిచినట్టే లెక్క.

పప్పు బంద్ అన్నారు కదా, పప్పు లేకుంటే బుడ్డలు పెట్టండి. మన అనంతపురంలో ఉండి శెనక్కాయ మర్చిపోతే ఎట్ల అక్కా. పావుకిలో విత్తనాలు వేయించి ఎర్రగడ్డ, మిరక్కాయ, చింతపండు వేసి కచ్చాపచ్చా నూరితే ఊరుబిండి ఇంటిల్లిపాదికీ రెండు పూటలు వస్తాది, అందులో నూరింట ఇరవై అయిదు పాళ్ళు ప్రొటీనే ఉంటాది. ఉత్త కారం చట్నీకి దీనికి చానా తేడా. ఇంకా ఉలవలు. రాత్రి నానబెట్టి పొద్దున ఉడకేసి నీళ్ళు వంచి చారు పెట్టు, గింజలకు తాళింపు వేస్తే గుగ్గిళ్ళు. ఒక గింజకు రెండు వంటలు. మా ఇంట్లో గుగ్గిళ్ళు పెడితే మా తమ్ముడు మేమేమన్నా ఎద్దులమా అంటుండె, మా జేజి ఎద్దు నీకంటే గట్టిగుందిలేరా అనేది.

టమేట రేటు పడిపోయినప్పుడు పత్తికొండ మార్కెట్ దగ్గర రోడ్డు మీద పారబోస్తారు చూడండి, టీవీలో రైతు ఏడుపు చూపిస్తారు గానీ, సాయంత్రం ఆ కుప్పల్లో మంచివి ఏరుకునే ఆడోళ్ళను ఎవరూ చూపించరు. మేం కూడా ఏరినాం. కోసి ఉప్పేసి ఎండబెట్టుకుంటే మూడు నెలలు చారుకు పనికొస్తాయి. ఒకరి నష్టం తింటున్నామని మా అమ్మకు మనసుకు కష్టంగా ఉండేది, అయినా ఏరేది.

అంగన్వాడీ అక్క, కడప జిల్లా

చెల్లీ, నేను అంగన్వాడీ టీచర్ని, వరసగా చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు బస్సెక్కి ఊరికి పోవడం మానెయ్. కార్డు ఏ ఊర్లో ఉన్నా రాష్ట్రంలో ఏ రేషన్ షాపులో అయినా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు, అనంతపురంలో నీ ఇంటి పక్క షాపులోనే ఇస్తారు. ఆదోని పిల్లా, మీ వాళ్ళకు కూడా చెప్పు, గుంటూరులో ఉన్నప్పుడు ఆడనే తీసుకోవచ్చు, చాలామంది ఆ నాలుగు నెలల బియ్యం ఊరికే వదిలేస్తారు. నెల మొదట్లోనే పో, 15వ తారీకు దాటితే కష్టం. పని చేసి చేసి వేళ్ళు అరిగిపోయిన వాళ్ళకు ముద్ర పడదు, అప్పుడు కార్డులో ఇంకొకరిని తీసుకుపోవాల, షాపాయన పో పో అన్నా ఇంకో వేలు పెట్టి చూడమని నిలబడి అడుగు.

రెండోది పిల్లోళ్ళ పేర్లు. ఇద్దరు ఎక్కితే ఇంకో 10 కిలోలు, 12 దినాలు కాస్తా 20 దినాలు అయితాయి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్ తీసుకొని సచివాలయానికి పో. నువ్వు అన్ని చిట్కాలు అడిగినావు గానీ వీటన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఒకసారి తిప్పి పంపినా మళ్ళీ పో.

ఆ తెల్ల గింజలు ప్లాస్టిక్ కాదు తల్లీ, పారెయ్యొద్దు!! బియ్యప్పిండిలోనే ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి మళ్ళీ గింజ మాదిరి ఒత్తుతారు, 100 కిలోలకు ఒక కిలో కలుపుతారు. తేలికగా ఉంటాయి కాబట్టి తేలతాయి. రక్తం తక్కువున్న ఆడోళ్ళ కోసమని కలిపింది ఆడోళ్ళే ఏరి పారేస్తున్నారు, మా ఊర్లో దీని గురించి చెప్పి చెప్పి నా గొంతు పోయింది. తలసేమియా లాంటి రక్తం జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగి తినాల. ఎక్కువసార్లు కడగొద్దు, గంజి వార్చి పారబోయొద్దు.

నీ పిల్లోళ్ళ వయసు రాయలేదు. బడికి పోయే పిల్ల అయితే సర్కారు బడిలో మద్యాన్నం అన్నం, వారానికి 5 గుడ్లు, మూడు రోజులు చిక్కీ, మిగతా మూడు రోజులు పొద్దున రాగిజావ ఉంటాది, 2025 జూన్ నుంచి సన్నబియ్యం అన్నమే. కాబట్టి ప్రైవేటు బడి ఫీజు కట్టి ఇంట్లో పస్తుండొద్దు. చిన్నోడు మూడేండ్లు దాటింటే అంగన్వాడీకి పంపు, అన్నం, గుడ్డు, పాలు ఆడనే పెడతాం. అమ్మలు ఏం చేస్తారంటే, ఆడ తిన్నాడులే అని ఇంట్లో వానికి తగ్గిస్తారు, అది వద్దు.

ఇంక నువ్వు. రాత్రి టీ తాగి పడుకుంటా అని ఒక్క లైనులో రాసి దాటేసినావు. కడుపుతో ఉన్నప్పుడు, బిడ్డకు ఆరు నెలలు వచ్చేదాకా తల్లి తిండి మా రిజిస్టర్ లో ఉంటాది. ఆ తర్వాత ఆ తల్లి ఏం తింటాదో ఏ పుస్తకంలోనూ రాయం, ఎవరూ అడగరు. నేను ఇండ్లకు పోయినప్పుడు చూస్తా, ఫస్టు మొగోనికి, తర్వాత పిల్లోళ్ళకు, తర్వాత అత్తకు, చివర్లో గిన్నెకు అంటుకున్నది ఈమెకు. మూడిండ్లలో అంట్లు తోమి, బట్టలుతికి, టీతో పడుకుంటే ఎన్నాళ్ళు నిలబడతావు? నువ్వు పడిపోతే ఆ 6000 కూడా పోతాది, ఇట్ల చెప్తేనన్నా వింటావేమో. వడ్డించేటప్పుడే నీ తట్టలో నీ అన్నం ముందు తీసి పెట్టు. మిగిలితే తిందాంలే అంటే ఏ ఇంట్లోనూ మిగలదు.

నంద్యాల అన్న

నేను ఒకటి అడుగుతా ఎవరూ ఫీల్ కావద్దు. అంత ఆకలి ఉంటే రేషన్ బియ్యం ఎందుకు అమ్ముకుంటున్నారు జనాలు? మా వీధిలో ప్రతి నెలా బండి మీద వచ్చి కిలో పదికో పన్నెండుకో తీసుకుపోతుంటాడు, క్యూలో నిలబడి ఇస్తారు. ఫ్రీగా వచ్చేది అమ్మి రీచార్జ్ చేసుకుంటారు. ఈ అక్కని అనడం లేదు, జనరల్ గా చెప్తున్నా.

గుంతకల్లు అంగడి

అన్నా, నాది చిన్న కిరాణా అంగడి, ఇరవై ఏండ్లయింది. నువ్వు చెప్పింది అబద్దం కాదు, కానీ ఎవరు అమ్ముతారో దగ్గర్నుంచి చూసినోణ్ణి కాబట్టి చెప్తా. రెండు రకాలు. ఒకరు ఆ బియ్యం తినని వాళ్ళు, కార్డు ఉంది గానీ అవసరం లేదు, ఇంట్లో సన్నబియ్యం, వీళ్ళు ఎట్లయినా అమ్ముతారు. ఇంకొకరు, 5వ తారీకు బియ్యం వస్తాయి, 6వ తారీకు కంతు ఉంటాది, పది కిలోలు ఇచ్చేస్తే వంద రూపాయలు చేతికొస్తాయి, ఆ వంద కంతులో కలుస్తాది, మళ్ళీ 20వ తారీకు నా అంగడికొచ్చి అదే బియ్యానికి యాభై పెడతారు. పదికి అమ్మి యాభైకి కొనడం తెలివితక్కువ అని వాళ్ళకు తెలీదనుకుంటున్నావా? ఆ రోజు ఆ వంద లేకుంటే కంతు ఆయన వాకిట్లో కూర్చుంటాడు, అంతే. అమ్మడం, కొనడం రెండూ కేసే, అది కూడా చెప్పాల.

నా ఖాతా పుస్తకం చూస్తే ఎవరింట్లో ఎట్లుందో తెలిసిపోతాది. మొదటి వారం కిలో కందిపప్పు, లీటరు నూనె. రెండో వారం పావుకిలో పప్పు. మూడో వారం పది రూపాయల నూనె ప్యాకెట్, ఐదు రూపాయల చింతపండు. నాలుగో వారం పిల్లను పంపిస్తారు, పెద్దోళ్ళు రారు. అప్పు అడగల్ల కదా, సిగ్గు. పిల్ల వచ్చి మా అమ్మ ఇమ్మనింది అంటాది, ఏం అనలేం.

లేనోళ్ళకే సరుకు పిరం. పది రూపాయల ప్యాకెట్లు నెలకు ఎన్ని తీసుకుంటారో కలిపితే లీటరు ధర దాటిపోతాది, కానీ ఒకేసారి లీటరుకు డబ్బు ఎవరి దగ్గర ఉంది. నా వ్యాపారానికి అదే లాభం, నేనే చెప్పుకుంటున్నా చూడు. మా వీధిలో నలుగురు ఆడోళ్ళు పొదుపు గ్రూపు వాళ్ళు ఒక పని చేస్తారు, పింఛను పడిన దినమే తలా ఇంత వేసుకొని ఒక బస్తా బియ్యం, ఐదు లీటర్ల నూనె డబ్బా తీసుకొని పంచుకుంటారు. బస్తా ఇప్పుడు 25 కాదు 26 కిలోలు, 2022లో పాతిక కిలోల దాకా ప్యాకెట్ మీద జీఎస్టీ వేసినాక మిల్లోళ్ళు ఒక కిలో పెంచినారు. విడిగా తీసుకున్న దానికంటే మిగులుతాది. మీ అత్తకు ఒకటో తారీకు పింఛను వస్తాది కదమ్మా, కంతు ఆయన రాకముందే బియ్యం ఇంటికి చేర్చు. గింజ ఇంట్లో పడినాక ఎవరూ ఎత్తుకపోరు, నోటు అయితే చేతిలో నిలవదు.

నంద్యాల అన్న

సరే అన్నా, కంతు సంగతి నాకు తట్టలేదు.

కోవెలకుంట్ల రిటైర్డ్ అయివారు

పెద్దవాణ్ణి, కొంచెం పాత సంగతులు చెప్తాను, విసుక్కోవద్దు. మా పక్కన ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి గారని, 1866 కరువులో వేలమందికి అన్నం, గంజి పెట్టి నిలబెట్టిన మనిషి, విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆ తర్వాత పదేండ్లకు 1876లో మొదలైన ధాత కరువు ఇంకా ఘోరం, కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు తుడిచిపెట్టుకుపోయినాయి. మా జేజి వాళ్ళ జేజి నుంచి విన్నవి చెప్పేది. చేయి చాపకుండా అని రాసినావు కదమ్మా, ఈ సీమలో గంజికి నిలబడని వంశం లేదు, తలెత్తుకొని తిరుగుతున్న ఇండ్ల తాతలు కూడా ఆ వరసలో నిలబడినోళ్ళే. అన్న క్యాంటీన్ ఉంది కదా అనంతపురంలో, పూటకు 5 రూపాయలు, టిఫిన్ అయినా భోజనమైనా అంతే. పోయి తినడానికి సిగ్గుపడొద్దు. అది మనం డబ్బు కట్టి తినేదే.

ఇంకొకటి, వానలు పడినాక చేల గట్ల మీద చెంచలాకు, గురుగాకు, పప్పాకు, తుమ్మికూర ఊరికే వస్తాయి. కరువులో ప్రాణం నిలబెట్టినవి ఇవే. ఇప్పుడు పిల్లలకు పేర్లు కూడా తెలీవు, కలుపుమందు కొట్టి చంపుతున్నారు. టౌన్లో మురికికాలువ పక్కన, పత్తి చేలల్లో మాత్రం కోయొద్దు, మందు కొట్టి ఉంటారు. గుర్తుపట్టలేని ఆకు ఎంత పచ్చగా ఉన్నా వదిలెయ్యి. మీ అత్తను తీసుకుపో, ఆమెకు తెలుస్తాది.

రాగులు కూడా రేషన్లో స్టాకు ఉంటే బియ్యం బదులు అడిగి తీసుకో. ముద్ద తింటే మద్యాన్నం దాకా ఆకలి కాదు. అన్నం తింటే రెండు గంటలకే మళ్ళీ కడుపు అడుగుతాది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుందని పుస్తకాల్లో ఉంది, ఎముకలకు మంచిది, మీ అత్తకు కూడా పెట్టు. మన పెద్దోళ్ళు సంగటి తిని, పిల్లోళ్ళ కాలానికి వరి అన్నం మర్యాద అయిపోయింది. బియ్యం రెండు రూపాయలకు ఇచ్చినప్పటి నుంచి ముద్ద బీదోళ్ళ తిండి అని చిన్నచూపు, ఇప్పుడేమో షుగరు వచ్చిన డబ్బున్నోళ్ళు పిరంగా కొని తింటున్నారు. ఇంక ఆపుతా, పాఠం అయిపోతుంది.

సెంట్రింగ్ మేస్త్రి ఇంటామె, అనంతపురం

అందరికీ చానా థ్యాంక్స్. రాసి పది దినాలయింది, పనుల్లో పడి రాలేదు. ఇంతమంది చెప్తారనుకోలేదు, రాత్రి మా అత్తకు అన్నీ చదివి వినిపించినా.

అంగన్వాడీ అక్కా, ఇంటి పక్క షాపులో నిజంగానే ఇచ్చినారు!! నాలుగేండ్ల నుంచి మూట మోసుకొని తిరిగినా, తలుచుకుంటే ఏడుపొస్తాంది. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పిల్లోళ్ళ పేర్లకు పోయినాం, పెద్దపాప మూడో తరగతి, దానిది తీసుకున్నారు. చిన్నోనికి నాలుగేండ్లు, వాని ఆధార్లో ఒక పేరు, బర్త్ సర్టిఫికెట్లో ఇంకో పేరు పడింది, అది సరిచేసుకొని రమ్మన్నారు. మళ్ళీ పోవల్ల. అంగన్వాడీకి మాత్రం సోమవారం నుంచి పోతాండాడు, మొదటి దినం ఏడ్చినాడు, గుడ్డు చూసి ఆగినాడంట.

ఆ తెల్ల గింజలు ఇప్పుడు ఏరడం లేదు. మా ఆయనే నమ్మలేదు, ఒక గింజ అగ్గిపుల్లతో కాల్చి చూసినాడు, కరగలేదు, మాడింది, అప్పుడు నమ్మినాడు.

క్యాంటీన్ మాకు దూరం, మా ఆయన పని వెతుక్కోను పోయినప్పుడు ఆడనే తింటాండాడు, ఇంట్లో ఒక పూట మిగిలింది. ఆదివారం ఉండదంట. నేను మాత్రం ఇంకా పోలేదు అయివారూ, పోతాలెండి, నేను పనిచేసే ఇంటామె చూస్తాదేమో అని అంతే.

ఉలవలు వండినా. మా పిల్లోళ్ళు వాసన అని మొహం తిప్పుకున్నారు, పైగా నానబెట్టడం మర్చిపోయి కుక్కర్లో ఎన్ని విజిల్స్ వేసినా ఉడకలేదు, గ్యాసంతా దానికే పోయింది అని మా అత్తతో తిట్లు. ఆదోని చెల్లీ, ఏమన్నా మార్గం చెప్పు. ఊరుబిండి మాత్రం సూపర్, చిన్నోడు ఉత్తదే నాకుతాండాడు.

రాత్రి నాది ముందే తీసి పెడతాండా. రెండు దినాలు పెట్టినా, మూడో దినం పాప ఇంకొంచెం అడిగితే అందులోంచే పెట్టేసినా. చూద్దాం.

ఆదోని పిల్ల

అయ్యో అక్కా, నానబెట్టకుండా ఉలవ ఉడకదు, రాయి అది. ముందు బాణలిలో నూనె లేకుండా కమ్మగా వాసన వచ్చేదాకా వేయించు, ఆ పచ్చివాసన పోతాది, తర్వాత రాత్రంతా నానబెట్టు, పొద్దున నాలుగైదు విజిల్స్ కి మెత్తగా అయితాది. పిల్లోళ్ళకు గుగ్గిళ్ళు పెట్టొద్దు, కొంచెం బెల్లం వేసి దంచి ఉండలు చేసి చూడు, ఉలవ అని చెప్పొద్దు. మా తమ్మునికి అట్లనే తినిపించినాం.

చిన్నోని సర్టిఫికెట్ పని ఈ వారంలోనే చూసుకో అక్కా, మేం దీపావళి కాంగానే సుగ్గికి పోతాం, పోకముందు ఏమయిందో ఈడ రాయి.